వెంకమ్మను చూసి నవ్వామా, గిరీశాన్ని చూసి నవ్వామా? (పాత్రల అజ్ఞానం, రచయితల హాస్యం)

తూనీగ (చర్చ మొదలుపెట్టినవారు)

బాగ్‌లింగంపల్లిలో కలిసే మా పఠన బృందం ఈ నెల కన్యాశుల్కం ద్వితీయాంకం చదివింది. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడే ఘట్టం దగ్గర అందరం పగలబడి నవ్వాం. గిరీశం 'ట్వింకిల్ ట్వింకిల్' అందుకుంటాడు. వెంకటేశం గుడారంలో తెల్లదొర ఉన్నాడంటూ వాచకంలోని వాక్యం అప్పజెప్తాడు. ఆ పైన ట్రెపీజియం భుజాలు, వ్యాకరణ సూత్రాలు, మధ్యలో మిల్టన్ కూడా దొర్లుతాడు. ఇదంతా గురుశిష్యుల సంభాషణే అనుకుని ఆ తల్లి మురిసిపోతుంది.

నవ్వులు సద్దుమణిగాక ఒకావిడ అడిగారు: "ఇంగ్లీషు రాని తల్లిని చూసి ఇంగ్లీషు వచ్చిన మనం నవ్వాం. ఇందులో రచయిత గొప్పతనం ఏముంది?" ఎవరూ సరైన జవాబు చెప్పలేకపోయారు. టీలు తాగి ఇళ్లకు వెళ్లిపోయాం. నాకు మాత్రం ఆ ప్రశ్న వదలడం లేదు. పాత్రకు తెలియనిదాన్ని హాస్యంతో బయటపెట్టేటప్పుడు రచయిత అసలు ఏం చేస్తాడు? దానికీ ఎగతాళికీ తేడా ఎక్కడ తెలుస్తుంది? మీకు తెలిసిన రచనల నుంచి చెప్పండి. హాస్యం ఆరోగ్యానికి మంచిది వంటి ఉపన్యాసాలు వద్దు.

విశ్రాంత పంతులు

తూనీగ గారూ, ఆ ఘట్టంలో ఎవరికి ఎంత తెలుసో విడదీసి చూడండి. వెంకమ్మకు ఇంగ్లీషు రాదు, వచ్చినట్టు నటించదు కూడా. అగ్నిహోత్రావధాన్లుకూ రాదు. కానీ డబ్బు పోసేవాడు కనుక ఆ మాటలకు అర్థమేమిటని నిలదీస్తాడు. సెలవుల్లో ఏ విధంగా చదవాలో మాట్లాడుకుంటున్నామని గిరీశం తడుముకోకుండా చెప్పేస్తాడు. వెంకటేశానికి బట్టీపట్టిన ముక్కలు తప్ప మరేమీ రావు. గిరీశానికి అన్నీ తెలుసు. మిగిలినవాడు కరటకశాస్త్రి. ఆయన మేనల్లుడిచేత ఒక తెలుగు పద్యం చదివించి, అందులోని మాటకు అర్థం అడుగుతాడు. చదువు బండారం అక్కడ బయటపడుతుంది.

మనం చదివేది 1909లో గురజాడ తిరగరాసిన ప్రతి. ఆనాటి ప్రేక్షకుల్లో ఇంగ్లీషు రానివారే ఎక్కువ. వచ్చినవారికి ట్రెపీజియం దగ్గరే నవ్వొస్తుంది. రానివారి సంగతి? వాళ్లకోసమే ఆ తెలుగు పద్యం. వెంకమ్మ లాంటి తల్లి ప్రేక్షకుల్లో కూర్చున్నా ఆ పరీక్ష ఆమెకు అర్థమవుతుంది, ఆమె కూడా నవ్వగలుగుతుంది. ఇంగ్లీషు రాకపోవడమే గురజాడ దృష్టిలో నవ్వదగ్గ విషయమైతే ఆయనకు ఆ పద్యంతో పనే లేదు.

ఇక అగ్నిహోత్రావధాన్లు. పెద్దకూతురు బుచ్చమ్మ వితంతువై కళ్లెదుటే తిరుగుతోంది. అయినా రెండోదాన్ని ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి సిద్ధమవుతాడు. వేదం చదివిన మనిషికి తెలియనిది అది. ఇంగ్లీషు దానిముందు ఏపాటి?

రంగస్థలి

ఈ విద్యలో నా ఓటు శకారుడికి. శూద్రకుడి మృచ్ఛకటికంలో రాజుగారి బావమరిది. నాయిక వసంతసేన వెంటపడుతూ పాండిత్యం ఒలకబోస్తాడు. రావణుడికి కుంతి చిక్కినట్టు నువ్వు నాకు చిక్కావంటాడు. విశ్వావసువు చెల్లెలైన సుభద్రను హనుమంతుడు ఎత్తుకుపోయినట్టు ఎత్తుకుపోతానంటాడు. ప్రేక్షకులకు రామాయణ భారతాలు కొట్టినపిండి, కాబట్టి 'వీడు శుంఠ' అని రచయిత పక్కనుంచి చెప్పనక్కర్లేదు. ఇన్ని శతాబ్దాల తర్వాత తెలుగులో చెప్పుకున్నా ఆ హాస్యం ఏమాత్రం తగ్గలేదు, చూడండి.

అయితే వాడి అజ్ఞానానికి అండ ఒకటుంది. రాజు బావమరిదిని సరిదిద్దే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆ అండతోనే తర్వాత వసంతసేన గొంతు నులిమి, చచ్చిపోయిందనుకుని వదిలేసి, నేరం ఆమె ప్రేమించిన చారుదత్తుడి మీదికి నెడతాడు. 'వీడేం చేస్తాడులే' అనుకుని నవ్విన ప్రేక్షకుడు అక్కడ ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటు కోసమే మొదటి అంకంలో అంత నవ్వించాడని నా నమ్మకం.

అన్నట్టు, వాడు 'స' పలకాల్సినచోట 'శ' పలుకుతాడు. నటుడికి అదో పండగ.

మల్లేపల్లి మాట

ఆ ఆఖరి వాక్యం దగ్గరే నాకు పేచీ ఉంది. కుంతినీ రావణుణ్ణీ కలపడం అజ్ఞానం. 'స'ను 'శ' అనడం అజ్ఞానం ఎలా అవుతుంది? ఉచ్చారణ వేరు, తెలివి వేరు.

ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఇది పుస్తకాల చర్చ కాదండీ. దశాబ్దాలపాటు తెలుగు సినిమాల్లో తెలంగాణ మాట ఎవరి నోట వినిపించింది? రౌడీ నోట, పనివాడి నోట, హాస్యగాడి నోట. కథానాయకుడు మాత్రం కోస్తా తెలుగే మాట్లాడేవాడు. ఆ హాస్యగాడికి ఫలానా విషయం తెలియదని రచయిత చూపించే శ్రమ కూడా తీసుకునేవాడు కాడు. నోరు తెరిస్తే చాలు, జనం నవ్వాలని లెక్క. నా దృష్టిలో తూనీగ గారు అడిగిన తేడా అక్కడే తెలుస్తుంది. పాత్రకు తెలియనిదేమిటో రచయిత వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అతను నవ్విస్తున్నది ఆ మనిషి పుట్టుక మీద.

రంగస్థలి

ఒప్పుకోను, కానీ మీ కోపం న్యాయమైనదే. సంస్కృత నాటకంలో రాజు సంస్కృతం, చాలామంది స్త్రీలు, సేవకులు ప్రాకృతాలు మాట్లాడటం సంప్రదాయం. పక్కవాళ్లు ప్రాకృతం మాట్లాడినంత మాత్రాన ఎవరూ నవ్వరు. శకారుడి ఉచ్చారణ వాడి డాబుకు తోడు, అంతే.

మల్లేపల్లి మాట

తోడు లేకపోయినా కుంతి, రావణుడు సరిపోతారనే నేనంటున్నది.

అల్వాల్ అక్షరం

నాటకంలో పని తేలిక. తెలిసినవాణ్ణి, తెలియనివాణ్ణి పక్కపక్కన నిలబెడితే ప్రేక్షకుడే పోల్చుకుంటాడు. తెలియనివాడే కథ చెప్తుంటే ఏం చేయాలి? అందుకే నాకు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిష్టర్ పార్వతీశం పెద్ద పాఠం. మొగల్తూరు కుర్రవాడు సీమకు వెళ్లి బారిష్టరు కావాలని బయలుదేరి, మద్రాసులో టోపీ కొంటాడు. అది దొరసానులు పెట్టుకునే టోపీ. కథంతా 'నేను' అంటూ చెప్పేది పార్వతీశమే. ఆ సంగతి అతనికి తెలియనప్పుడు మనకు ఎలా తెలియాలి?

నాకు అర్థమైనంతవరకు అక్కడ ఇద్దరు పార్వతీశాలు ఉన్నారు. అంగట్లో టోపీ ఎంచుకుంటున్న కుర్రవాడు ఒకడు. ఎన్నో ఊళ్లు తిరిగి, దెబ్బలు తిని, ఆ కథ తీరిగ్గా చెప్తున్నవాడు ఇంకొకడు. రెండోవాడికి అంతా తెలుసు. అయినా మొదటివాడి సంబరాన్ని మధ్యలో ఆపడు, 'ఎంత వెర్రివాణ్ణో' అని ప్రతి పేజీలో తల బాదుకోడు. ఆ కుర్రవాడికి అప్పుడు ఎలా తోచిందో అలాగే చెప్పి ఊరుకుంటాడు. చెప్పేవాడు తననే బలి ఇచ్చుకుంటున్నాడు కాబట్టి మనకు నవ్వడానికి మొహమాటం ఉండదు. మునిమాణిక్యం వారి కాంతం కథల్లో భర్తగారికీ ఇదే రక్ష.

ఇంకో విషయం గమనించండి. పార్వతీశం చేసే ప్రతి పనికీ వాడి లెక్కలో ఒక కారణం ఉంటుంది. దూర ప్రయాణం కాబట్టి సామాను పెంచుతాడు, దొరల దేశం కాబట్టి టోపీ కొంటాడు. మొగల్తూరులో నిలబడి ఆలోచిస్తే అవన్నీ బుద్ధిమంతుడి పనులే. ఆ స్థానంలో మనమున్నా అంతకంటే ఘనంగా చేసేవాళ్లం కాదు.

కాలక్షేపం

బాగా చెప్పారు. పరమానందయ్య శిష్యులూ అంతే కదా! ఏరు నిద్రపోతోందో మేలుకుని ఉందో తేల్చడానికి మండే కొరివి నీళ్లలో ముంచుతారు. చుయ్యిమంటుంది, అమ్మో మేలుకునే ఉందనుకుంటారు. కాసేపాగి ఆరిన అదే కట్టెను మళ్లీ ముంచుతారు. చప్పుడు లేదు, హమ్మయ్య, నిద్రపోయింది! పరీక్ష చేశారు, ఫలితం చూశారు, నిర్ణయానికి వచ్చారు. మా ఆఫీసులో ఇంత పద్ధతిగా పనిచేసేవాళ్లు తక్కువ.

తూనీగ

కాలక్షేపం గారూ, నవ్వలేక చచ్చాను. కానీ శిష్యుల కథలో ఏరు ఎవరినీ బాధపెట్టదు. నా ఇబ్బంది వెంకమ్మతోనే. మీరంతా గురజాడను గెలిపించడానికి వాదిస్తున్నట్టుంది. ఆవిడకు చదువు చెప్పించినవారు ఎవరు? చెప్పించకుండా, ఆవిడకు తెలియదని నవ్వడం ఏం న్యాయం? పంతులుగారు చెప్పిన పద్యం మాట బాగుంది, నాకు కొత్త కూడా. అయినా ఆ ముచ్చటపడే తల్లి ముఖం నాకు నవ్వులా అనిపించడం మానేసింది.

సైనిక్‌పురి సుభాషిణి

చదువుతున్నాను కానీ రాయాలనిపించలేదు ఇంతవరకు. తూనీగ గారి మాటతో కదిలాను.

వెంకమ్మను ఆ ఒక్క ఘట్టంతో వదిలేయకండి. సుబ్బిని లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి వీల్లేదని ఆ ఇంట్లో మొత్తుకున్నది ఎవరు? ఆవిడే. తమ్ముడు కరటకశాస్త్రి ఆ పెళ్లి తప్పించడానికి పూనుకున్నది ఆ అక్క ఏడుపు చూసే. తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లు దగ్గరికి తీసుకెళ్లే కథంతా అక్కణ్ణుంచి నడిచిందే. ఇంగ్లీషు ముక్కకు మోసపోయిన మనిషికి, బిడ్డ గొంతు కోస్తున్నారన్నది మాత్రం అందరికంటే ముందు తెలుసు. వేదం వచ్చినాయనకు తెలియలేదు. ఇంగ్లీషు వచ్చిన గిరీశానికి తెలిసినా అది తన అవసరానికే.

ముందు ఆవిడ మనల్ని నవ్వించిందనేది నిజం. అలా నవ్వి చులకన చేసుకున్న మనిషి నోటే ఆ ఇంట్లో సరైన మాట పలికించాడు రచయిత. నేనైతే రెండు ఘట్టాలూ కలిపే చదువుతాను.

తార్నాక తరగతి

నేను ఇంగ్లీషు సాహిత్యం చెప్తాను కాబట్టి అటునుంచి ఒకటి. మార్క్ ట్వెయిన్ రాసిన హకల్‌బెరీ ఫిన్, 1884లో ఇంగ్లండులో, మరుసటి ఏడాది అమెరికాలో వచ్చింది. హక్ చదువు అంతంతమాత్రం, కథ చెప్పేది వాడే. పారిపోయిన బానిస జిమ్‌తో కలిసి తెప్ప మీద ప్రయాణం చేస్తుంటాడు. బానిసకు సాయం చేయడం పాపమని ఊరంతా నేర్పింది, వాడూ నమ్మాడు. జిమ్ ఆచూకీ చెప్తూ యజమానురాలికి ఉత్తరం రాస్తాడు, మనసు తేలికపడిందనుకుంటాడు. తర్వాత జిమ్ తనను ఎలా చూసుకున్నాడో గుర్తొస్తుంది. ఉత్తరం చింపేస్తాడు. సరే, నరకానికే పోతాను, అనుకుంటాడు.

తాను చేసింది మంచిపని అని వాడికి చివరిదాకా తెలియదు. రచయిత కూడా వాడికి చెప్పడు. మనకు తెలుసు, వాడికి తెలియదు. ఆ తేడా వల్ల ఎవరు చిన్నబోయారు? వాడికి ఆ పాపపుణ్యాల లెక్క నేర్పిన ఊరు. అల్వాల్ అక్షరం గారి ఇద్దరు పార్వతీశాల మాట బాగుంది. హక్ దగ్గర ఆ రెండోవాడు లేడు, పెద్దవాడై నవ్వుకుంటూ చెప్పే హక్ ఎక్కడా కనిపించడు. అందుకే పని మొత్తం పాఠకుడి మీద పడుతుంది.

అల్వాల్ అక్షరం

బుడుగు దగ్గరా అంతే! ముళ్లపూడి వారి బుడుగుకు బాబాయి రెండుజెళ్ల సీత కోసం ఎందుకు తహతహలాడతాడో తెలియదు. చూసింది చూసినట్టు చెప్పేస్తాడు. పిల్లవాడికి తెలియనిదంతా పెద్దవాళ్ల గుట్టు. మొదటిసారి చిన్నప్పుడు చదివి బుడుగు అల్లరికి నవ్వాను. పెద్దయ్యాక చదివితే బాబాయిని చూసి నవ్వొచ్చింది.

విశ్రాంత పంతులు

ఇంత దూరం వచ్చి విరాటపర్వం దగ్గర ఆగకపోతే తిక్కన ఊరుకోడు. ఉత్తరకుమారుడు అంతఃపురంలో ఆడవాళ్ల ముందు సారథి ఒక్కడు దొరికితే కౌరవసేనను ఏం చేస్తానో చూడండంటాడు. మన ఊళ్లలో ఉత్తరకుమార ప్రగల్భాలు అనే మాట అక్కణ్ణుంచి వచ్చిందే. చెల్లెలు ఉత్తర ఇంకా గడుసుది, ఓడినవాళ్ల బట్టలు బొమ్మలకు కావాలని పురమాయిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది బృహన్నల. కవచం తొడుక్కోవడం చేతకానట్టు తారుమారు చేసి ఆడపిల్లల్ని నవ్విస్తాడు. అంటే విలువిద్యలో సాటిలేనివాడు తెలియనట్టు నటిస్తున్నాడు, ఏమీ చేతకానివాడు తెలిసినట్టు నటిస్తున్నాడు. ఇద్దరూ ఒకే రథం ఎక్కారు. కౌరవసేన కనబడగానే కుమారుడు రథం దిగి పరుగు, వెనకాల జడ ఊగుతుంటే బృహన్నల పరుగు.

కథ అక్కడితో ఆగదు. గెలిచింది కొడుకేనని విరాటుడు పొంగిపోతుంటే, బృహన్నల తోడుండగా గెలుపుకేమని కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు అంటాడు. రాజు కోపంతో పాచికతో కొడతాడు, ధర్మరాజు ముఖం రక్తమోడుతుంది. కొడుకు అజ్ఞానం అప్పటికే వదిలింది, తండ్రిది వదల్లేదు. నవ్వుతూ మొదలైనదాన్ని నెత్తుటిదాకా తీసుకెళ్లి, మళ్లీ ఉత్తర పెళ్లిలోకి మళ్లించడం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తెల్లకాగితం

పెద్దలంతా ఉన్నారు కాబట్టి ధైర్యం చేసి అడుగుతున్నాను. నేనొక కథ రాస్తున్నాను. ఒక పెద్దాయన కాబోయే వియ్యాలవారిని చార్మినార్ దగ్గరికి తీసుకెళ్తాడు. ఈ ముక్క చూడండి:

"కులీ కుతుబ్ షా రోజూ పొద్దున్నే ఈ గడియారం చూసుకునే దర్బారుకు బయలుదేరేవాడు" అన్నాడు పెద్దాయన, చెయ్యెత్తి చూపిస్తూ.

"అప్పట్లో గడియారాలు ఉండేవా తాతగారూ?" అంది వియ్యపురాలి మనవరాలు.

పెద్దాయన జాలిగా నవ్వాడు. "రాజుకు లేని గడియారమా అమ్మా!"

చార్మినార్ కట్టింది 1591లో, ఆ గడియారాలు పెట్టింది 1889లో. అదీ హాస్యం. తీరా స్నేహితులకు వినిపిస్తే కొందరు "అలాగా!" అన్నారు. అంటే నమ్మేశారు. 1889 అని కథకుడి చేత చెప్పించమంటారా?

విశ్రాంత పంతులు

వద్దు నాయనా. కథకుడు నోరు విప్పి సంవత్సరం చెప్తే అది చరిత్ర పాఠమవుతుంది. చెప్పక తప్పదంటే ఆ పిల్ల బడిలో చదువుకున్నదిగా పైన ఎక్కడో, వేరే సందర్భంలో పడేయండి. నవ్వు వచ్చే సమయానికి పాఠకుడి చేతిలో ఆ ముక్క ఉండాలి, అప్పుడే ఇచ్చినట్టు ఉండకూడదు.

అల్వాల్ అక్షరం

సంవత్సరం తెలియకపోయినా "రాజుకు లేని గడియారమా" అన్న తర్కమే ఆయనను పట్టిస్తోంది. అన్నిటికంటే 'జాలిగా' అన్న మాట బాగుంది. తెలియనివాడు తెలిసిన పిల్ల మీద జాలిపడుతున్నాడు. దాన్ని ముట్టుకోకండి.

సైనిక్‌పురి సుభాషిణి

ఆయన ఎందుకలా చెప్తున్నాడు? అది తెలియకపోతే ఆయన వట్టి కోతలరాయుడు. ఆడపిల్ల తండ్రా? ఆ వియ్యాలవారు ఎక్కువ చదువుకున్నవాళ్లా? ఊరు తెలిసినవాడినని అనిపించుకోవాలన్న ఆరాటం ఒక్క వాక్యంలో కనబడినా చాలు.

రంగస్థలి

నాదొక సలహా. కరటకశాస్త్రి కావాలి మీకు. పక్కనే లాడ్‌బజారు ఉంది, లక్కగాజుల దుకాణదారు ఉంటాడు. ఆయన చెవిన ఈ మాటలు పడనివ్వండి.

మల్లేపల్లి మాట

పడనివ్వండి కానీ ఆ గాజులాయన చేత వింత యాస మాట్లాడించకండి, పుణ్యముంటుంది. అక్కడ అందరికంటే ఎక్కువ తెలిసినవాడు ఆయనే. సరిదిద్దడు కూడా. వ్యాపారస్తుడు కొనేవాణ్ణి ఎందుకు సరిదిద్దుతాడు?

తెల్లకాగితం

మీ మాటలన్నీ పట్టుకుని రాత్రంతా కూర్చుని రాశాను. పెద్దాయన ఆడపిల్ల తండ్రే, వియ్యంకుడు కాలేజీలో పాఠాలు చెప్తాడు. పైన ఆ ఆరాటం పెట్టాను. గడియారం తర్వాత ఇలా నడిచింది:

"ఈ గాజులు నిజంగా లక్కవేనా?" అని అడిగింది వియ్యపురాలు.

గాజులాయన ఒకసారి పెద్దాయన వైపు, ఒకసారి గడియారం వైపు చూశాడు. "లక్కవే అమ్మా. ఇవి కూడా ఆ కాలంనాటివే. కులీ కుతుబ్ షా ఇంట్లో ఆడవాళ్లు ఇవే వేసుకునేవారు."

"నేను చెప్పలేదూ!" అన్నాడు పెద్దాయన, జేబులోకి చెయ్యి పోనిస్తూ.

కాలక్షేపం

బేరం ఆడాడా?

తెల్లకాగితం

కాబోయే వియ్యాలవారి ముందు, అందులోనూ రాజుగారింటి గాజులకు బేరమా!

తూనీగ

నాకు నవ్వొచ్చింది, ఆయన మీద జాలీ వేసింది. ఆ కాలేజీ వియ్యంకుడికి సంవత్సరం తెలిసే ఉంటుంది కదా, ఆయన ఏమీ అనడా?

తెల్లకాగితం

అనడు. గాజుల డబ్బు తానిస్తానని ముందుకు వస్తాడు. ఇద్దరూ కాసేపు నేనంటే నేనని పెనుగులాడతారు.

అల్వాల్ అక్షరం

బాగుంది. 'ఒకసారి గడియారం వైపు' తీసేయండి. గాజులాయన కన్ను గీటినట్టుంది. పెద్దాయన వైపు చూడటం చాలు, మిగతాది పాఠకుడికి తెలుసు.

తెల్లకాగితం

తీసేశాను.